మాణిక్యమ్మ రెండోసారి చెప్పిన మాట

ఆ వీడియో నిడివి నాలుగు నిమిషాల పన్నెండు సెకన్లు. సునీతని జైలుకి పంపడానికి అందులో మూడు సెకన్లు చాలన్నాడు సీఐ రామ్‌ప్రసాద్.

గురువారం ఉదయం పదకొండు దాటి పది నిమిషాలైంది. బందరులో సీఐ గారి గదిలో, లాప్‌టాప్ ముందు కూర్చున్న లక్ష్మీకాంతం కళ్ళజోడు తుడుచుకుని, "ఆ మూడు సెకన్లూ ఇంకోసారి వెయ్యండి," అంది.

ఆవిడకి యాభై నాలుగేళ్ళు. పదిహేనేళ్ళపాటు గుడివాడలో భర్తతో కలిసి పెళ్ళి వీడియోలు తీసింది. ఆయన పోయాక స్టూడియో మూసేసి, బందరు వచ్చి ప్రైవేటు డిటెక్టివ్‌గా బోర్డు కట్టింది. అప్పగింతలప్పుడు నిజంగా ఏడ్చేదెవరో, కెమెరా కోసం ఏడ్చేదెవరో పదిహేనేళ్ళు చూశాక ఈ పని పెద్ద కష్టమేం కాదని ఆవిడ అభిప్రాయం. ఆ బోర్డు చూస్తేనే రామ్‌ప్రసాద్‌కి ఒళ్ళు మంట. కిందటేడు ఒక ఇన్సూరెన్సు కేసులో ఆయన దొంగ అని తేల్చిన మనిషి అమాయకుడని ఈవిడ నిరూపించింది. ఆ సంగతి ఇద్దరూ ఎత్తరు. ఇద్దరూ మరిచిపోలేదు.

రామ్‌ప్రసాద్ మళ్ళీ వేశాడు.

పెడనలో కలంకారీ అద్దకం షెడ్డు. అరవై ఎనిమిదేళ్ళ మాణిక్యమ్మ స్టూలు మీద కూర్చుని ఉంది. కొంగు బొడ్లో దోపుకుంది. ముంజేతుల దాకా రంగు. కెమెరా పక్కకి సూటిగా చూస్తూ మాట్లాడుతోంది. "ఈ అచ్చులు మా మామగారు చెక్కినవి కొన్ని, మా ఆయన చెక్కినవి కొన్ని. రెండొందల పైనే ఉంటాయి. నా తరవాత ఇవి మనవాళ్ళెవ్వరికీ..."

అక్కడ మాణిక్యమ్మ మాయమై తెర మీదికి సునీత ముఖం వచ్చింది. కనుబొమలు ముడిపడి ఉన్నాయి. ఎవరినో నమిలేసేటట్టు చూస్తోంది. మూడు సెకన్లు. ఆ తరవాత మాణిక్యమ్మ మళ్ళీ వచ్చింది, ఈసారి దగ్గరగా, ముఖమూ భుజాలూ మాత్రమే. "...ఎవ్వరికీ ఇవ్వను. మ్యూజియం వాళ్ళకి రాసిచ్చేస్తాను. అక్కడుంటే నలుగురూ చూస్తారు."

"చాలా?" అన్నాడు రామ్‌ప్రసాద్. "పధ్నాలుగేళ్ళుగా ఆ ముసలావిడ దగ్గర అద్దకం పని చేస్తోంది సునీత. ముసలావిడకి పిల్లల్లేరు, అచ్చులు తనకే వస్తాయని సునీత ఆశ. మంగళవారం మధ్యాహ్నం మూడింటికి ఆ వీడియో వాడి ముందు ఈవిడ ఇవ్వనంది. సునీత చూపు మీరే చూశారు. ఐదుంపావుకి ముసలావిడ తల వెనక దెబ్బతో నేల మీదుంది. పక్కన నెత్తురంటిన చెక్క అచ్చు, అంచులకి వేసే పెద్దది. ఆవిడ ఇంకా ఆసుపత్రిలో స్పృహ లేకుండా ఉంది. మొదట చూశానని అరిచిందీ సునీతే."

"ఒంటిగంటకే ఇంటికెళ్ళిపోయానంటోందట?"

"ఒంటిగంటకి వెళ్ళిపోయిన మనిషి మూడింటికి చెప్పిన మాటకి కళ్ళెర్రజేసిందా? కెమెరాకి అబద్ధం చెప్పడం రాదు కాంతం గారూ. నాలుగింటికి మేజిస్ట్రేటు గారి ముందు హాజరుపరుస్తున్నాం. మీ లాయరమ్మకి చెప్పండి."

సునీత తరఫున వాదిస్తున్న బ్లెస్సీయే లక్ష్మీకాంతాన్ని ఈ కేసులోకి లాగింది. లాయరుగా ఆమెకిది రెండో ఏడు. పొద్దుటినుంచి నాలుగుసార్లు ఫోన్ చేసింది. సునీతకి తొమ్మిదేళ్ళ కూతురుంది, మొగుడు లేడు. ఈ సాయంత్రం రిమాండంటే ఆ పిల్ల ఎవరింట్లో అన్నం తినాలో కూడా తేలలేదు. ఆ మాట విన్నప్పటినుంచీ లక్ష్మీకాంతం మనసు మనసులో లేదు.

"అబద్ధం చెప్పడం కెమెరాకి రాదు సీఐ గారూ, నిజమే," అంది లేస్తూ. "కానీ ఉన్నది ఒక్క కెమెరా. ఒక్క కెమెరా ఒకేసారి ఇద్దరి ముఖాలు ఎలా తీసింది?"

రామ్‌ప్రసాద్ చేత్తో కెమెరా తిప్పినట్టు చూపించాడు. "ఇటు తీసి, అటు తిప్పి..."

"తిప్పితే మాట తెగాలిగా. మాట తెగలేదు. ఆ అమ్మాయితో పది నిమిషాలు మాట్లాడనివ్వండి చాలు."

* * *

సునీత బెంచీ చివర కూర్చుని ఉంది. గోళ్ళలో ఇంకా నల్లరంగు పోలేదు. మహిళా కానిస్టేబుల్ తలుపు దగ్గర నిలబడింది.

"ఏడవడం తరవాత. ముందు టైములు చెప్పు," అంది లక్ష్మీకాంతం.

"ఎనిమిదింటికి వెళ్ళానండి. తొమ్మిదిన్నరకి వీడియో ఆయనొచ్చాడు, గుడివాడ నుంచి. దుర్గాశ్రీనివాస్ గారని."

"ఒక్కడేనా?"

"ఒక్కడేనండి. కెమెరా, స్టాండు, ఒక లైటు. నేను అచ్చు వేస్తుంటే దూరం నుంచి తీశాడు, మళ్ళీ వెయ్యమని చెయ్యి తీశాడు, మళ్ళీ వెయ్యమని ముఖం తీశాడు. వేసిన చోటే ఎలా వేస్తామండీ, గుడ్డ పాడైపోదూ! ప్రతిసారీ కొత్త చోట వేశాను."

"కోపంగా ఎవర్ని చూశావు?"

"కాకినండి."

కానిస్టేబుల్ నవ్వాపుకుంది.

"నిజమండీ. కరక్కాయ నీళ్ళలో ముంచిన గుడ్డలు బయట ఆరేశాను. కాకి వచ్చి వాటి మీద వాలింది. అప్పుడే నా ముఖం తీస్తున్నాడు. 'అక్కా, బాగుంది, అలాగే ఉండు' అన్నాడు. తోలడానిక్కూడా లేవనివ్వలేదు."

"ఎన్ని గంటలప్పుడు?"

"పదిన్నరో, పదకొండో. నల్లచ్చు మాత్రమే వేశాను అప్పటికి. పన్నెండున్నరకి రెండో అచ్చు, పటిక కలిపిన గులాబీ రంగుది, పూర్తిచేసి తీగకి కట్టేశాను. ఒంటిగంటకి ఇంటికెళ్ళాను. పాపకి జ్వరం. ఐదుంపావుకి గుడ్డ తియ్యడానికి తిరిగొచ్చి చూస్తే పెద్దమ్మగారు నేల మీద పడున్నారు. పెద్దమ్మగారి ఇంటర్వ్యూ మధ్యాహ్నం తీస్తానన్నాడు, నేను లేనండి అప్పుడు. మ్యూజియం మాట నేను మొదటిసారి విన్నది ఈ సీఐ గారి నోట్లోంచే."

"వింటే కోపం వచ్చేదా?"

సునీత గోటిలోని రంగు గీక్కుంది. "బాధేసేదండి. కానీ అవి ఆవిడవి."

లక్ష్మీకాంతానికి ఆ జవాబు నచ్చింది. "మీ పెద్దమ్మగారు మనుషులొస్తే మర్యాద బాగా చేస్తారా?" అని అడిగింది.

"పనిలో ఉంటే ఎవరికీ లేవరండి. ఒకసారి కలెక్టరు గారొచ్చినా స్టూలు మీదనుంచి కదల్లేదు, కొంగు బొడ్లోంచి తియ్యలేదు. 'చేతులు ఖాళీ లేవు బాబూ, కూర్చో' అన్నారు."

"ఆవిడకి అయినవాళ్ళెవరున్నారు?"

"వాళ్ళాయన పోయి ఆరేళ్ళైందండి. ఆయనకి అన్నగారొకరున్నారు, వెంకటరత్నం గారని, కోడూరులో రొయ్యల చెరువులు. ఎప్పుడో గాని రారు. అంతేనండి."

* * *

పన్నెండూ యాభైకి పెడనలో షెడ్డు సీలు తీశారు. లక్ష్మీకాంతం అడిగిందని కాదు. మేజిస్ట్రేటు గారు కూడా ఆ ఒక్క కెమెరా ప్రశ్నే వేస్తే ఏం చెప్పాలన్న దిగులు కొద్దీ రామ్‌ప్రసాద్ తానే జీపు తీశాడు. దుర్గాశ్రీనివాస్‌ని కూడా రప్పించాడు. ముప్పై ఏళ్ళుంటాయి. కెమెరా సంచి భుజం మీదనుంచి దించకుండా నిలబడ్డాడు.

"మేడమ్, మీరు మాస్టారి మిసెస్ కదండీ? గుడివాడలో మీ స్టూడియో ఉండేచోటే ఇప్పుడు నా షాపు," అన్నాడు.

"అయితే మనవాడివే. ఎడిట్ చెయ్యని రా ఫుటేజ్ ఏది?"

"కార్డు ఫార్మాట్ కొట్టేశానండి. నిన్న ఒక పెళ్ళి తియ్యాల్సొచ్చింది. సీఐ గారికి ఎడిట్ చేసినదే ఇచ్చాను."

"టైములు?"

"ఇంటర్వ్యూ రెండూ యాభైకి మొదలైంది. మూడుంపావుకి వైడ్ అయిపోయింది. తరవాత క్లోజప్ కోసం అవే మాటలు మళ్ళీ చెప్పించాను. మూడూ నలభైకి సర్దేసి వెళ్ళిపోయాను."

రామ్‌ప్రసాద్ చురుగ్గా తలెత్తాడు. "మళ్ళీ చెప్పించావా? ఆ మాట నాకు చెప్పలేదే?"

"మీరు అడగలేదండి. ఒక్క కెమెరాతో అంతే కదండీ. మొదట దూరం నుంచి మొత్తం తీస్తాం, తరవాత దగ్గరకెళ్ళి మళ్ళీ తీస్తాం, ఎడిటింగ్‌లో కలిపేస్తాం. చూసేవాళ్ళకి ఒకేసారి చెప్పినట్టుంటుంది."

"సునీత?" అంది లక్ష్మీకాంతం.

"సునీతక్క... అక్కడే ఉందండి."

"ఎక్కడే?"

అతను బల్ల అవతలివైపు వేలు చూపించాడు.

లక్ష్మీకాంతం అతనితో వాదించలేదు. షెడ్డు చివర తీగ మీద ఆరి ఉన్న గుడ్డ దగ్గరికి వెళ్ళింది. లేత పసుపు రంగు గుడ్డ మీద నల్లటి పూల గీతలు, వాటి మధ్య పటిక అచ్చు వేసిన లేత గులాబీ జాడ. ఐదు మీటర్ల గుడ్డంతా వరసగా చూస్తూ వచ్చి ఒకచోట ఆగింది. అక్కడ ఒక పువ్వుకి ఆరు రేకులకి బదులు ఐదే ఉన్నాయి. అచ్చు సరిగ్గా ఆనక ఒక రేకు పడలేదు.

"సీఐ గారూ, మీ లాప్‌టాప్‌లో సునీత ముఖం దగ్గర ఆపండి. ముఖం చూడకండి. ముందున్న గుడ్డ చూడండి."

రామ్‌ప్రసాద్ ఆపాడు. సునీత ముందు బల్ల మీద గుడ్డ ఉంది. తడి మెరుస్తోంది. ఐదు రేకుల పువ్వు ఉంది. నల్లగీత తప్ప ఇంకే రంగూ లేదు.

"అదే గుడ్డ," అన్నాడు నెమ్మదిగా. ఆ వెంటనే, "రెండో రంగు మూడింటి తరవాత వేసిందేమో," అన్నాడు.

"అయి ఉండొచ్చు. సునీత ఫోను మీ దగ్గరేగా? పూర్తయిన ప్రతి గుడ్డా ఫోటో తీసి కొట్టువాళ్ళకి పంపిస్తారు వీళ్ళు. మంగళవారంది చూడండి."

సీలు కవరులోంచి ఫోను బయటికొచ్చింది. చార్జి పెట్టడానికి ఏడు నిమిషాలు పట్టింది. మంగళవారం మధ్యాహ్నం పన్నెండూ ముప్పై ఎనిమిదికి వాట్సాప్‌లో పంపిన ఫోటో ఒకటుంది. అందులో అదే గుడ్డ, అదే ఐదు రేకుల పువ్వు, గులాబీ జాడ పూర్తిగా పడి ఉంది.

"పన్నెండూ ముప్పై ఎనిమిదికి రెండు రంగులూ పడ్డ గుడ్డ మూడింటికి ఒక్క రంగుతో ఎలా ఉంటుంది?" అంది లక్ష్మీకాంతం. "ఆ ముఖం పొద్దుటిది. కాకిని చూసిన ముఖం. దాన్ని తీసుకొచ్చి మ్యూజియం మాట పక్కన అతికించాడు ఈ అబ్బాయి. ఇక సునీత విన్నదీ లేదు, కోప్పడ్డదీ లేదు."

రామ్‌ప్రసాద్ దుర్గాశ్రీనివాస్ కాలరు పట్టుకున్నాడు. "ఒక ఆడమనిషిని కేసులో ఇరికిస్తావురా?"

"అయ్యబాబోయ్, ఇరికించలేదండీ! ఏదో ఒక కటవే కావాలి కదండీ! చేతికొచ్చింది వేశాను!"

"వదలండి సీఐ గారూ. ఇప్పుడే అసలు మాట అన్నాడు," అంది లక్ష్మీకాంతం. "ఏం బాబూ, కటవే ఎందుకు కావాలి?"

దుర్గాశ్రీనివాస్ కెమెరా సంచి దగ్గరికి లాక్కున్నాడు.

"నేను చెప్తాను. కటవే అంటే అతుకు, సీఐ గారూ. దూరపు షాటులో మనిషి చెయ్యి మోకాలి మీదుంది, దగ్గర షాటులో చెంప మీదుంది అనుకోండి. రెండూ పక్కపక్కన వేస్తే చూసేవాడికి ఎగుడుదిగుడు తెలిసిపోతుంది. అందుకని మధ్యలో రెండు సెకన్లు గోడ మీద గడియారమో, కూర్చున్నవాళ్ళ ముఖమో వేస్తాం. పెళ్ళిళ్ళలో భోజనాల దగ్గర నవ్విన ముఖాలు తెచ్చి తలంబ్రాల్లో వేసిన పాపం నేనూ మూటగట్టుకున్నాను. చిరుగున్నచోటే మాసిక వేస్తారు. అయితే ఇక్కడ చిరుగేది?"

రామ్‌ప్రసాద్ కాలరు వదిలేసి లాప్‌టాప్ వైపు వంగాడు. ఎంత వైరమున్నా బుర్ర ఉన్న మనిషి. మూడు సెకన్లకి ముందు బొమ్మ, వెనక బొమ్మ మార్చి మార్చి చూశాడు. నాలుగోసారికి, "కొంగు," అన్నాడు.

ముందు షాటులో కొంగు బొడ్లో ఉంది. వెనక షాటులో కుడి భుజం మీదుగా ముందుకి లాగి నిండుగా కప్పుకుని ఉంది.

"చలేసిందేమో," అన్నాడు మళ్ళీ, తనకే నమ్మకం లేకుండా.

"రేకుల షెడ్డులో, మధ్యాహ్నం మూడింటికి!"

లక్ష్మీకాంతం స్టూలు తెచ్చి నేల మీద నాలుగు గుర్తులున్నచోట పెట్టింది. దాని వెనక గోడకి చెక్క అర ఉంది, దాని మీద అచ్చులు వరసగా పేర్చి ఉన్నాయి. టేపుతో కొలిచింది. నేలనుంచి నాలుగడుగుల రెండంగుళాలు. స్టూలు మీద కూర్చుంది. "ఎక్కడుంది అర?"

"మీ తలకి పైన."

"దూరపు షాటులోనూ మాణిక్యమ్మ తలకి పైనే ఉంది. దగ్గర షాటులో?"

రామ్‌ప్రసాద్ చూశాడు. అర మాణిక్యమ్మ భుజానికి సమంగా ఉంది.

"కెమెరా దించి కింద నుంచి తీశానండి, అందుకే అలా..." అన్నాడు దుర్గాశ్రీనివాస్ గబగబా.

"కింద నుంచి తీస్తే అర అడుగుభాగం కనపడాలి. ఇందులో అర మీద పెట్టిన అచ్చుల పిడులు కనపడుతున్నాయి. పై నుంచే తీశావు." లక్ష్మీకాంతం స్టూలు మీదనుంచి లేచి నిలబడింది. అర ఆవిడ భుజం దగ్గరికి వచ్చింది. "కెమెరా దిగలేదు, మనిషే లేచింది. కలెక్టరుకి లేవని మనిషి లేచి నిలబడి, కొంగు కప్పుకుని మాట్లాడింది. చూపు కూడా చూడండి. ముందు షాటులో ఈ అబ్బాయి ముఖంలోకి సూటిగా చూసింది. రెండో దాంట్లో నేల చూపులు."

"ఎవరో పెద్దమనిషి వచ్చుంటాడు."

"పెళ్ళి వీడియోల్లో ఇది నాకు పెద్ద తలనొప్పి సీఐ గారూ. పెళ్ళికూతురి తల్లి హాయిగా కూర్చుని కబుర్లు చెప్తుంటుంది. ఇంతలో ఒకాయన వస్తాడు. ఠక్కున లేస్తుంది, కొంగు కప్పుకుంటుంది, ఆయన వెళ్ళేదాకా కూర్చోదు, ముఖం చూడదు. కెమెరా ఉందన్న ధ్యాస కూడా ఉండదు. ఊళ్ళో పెద్దమనుషులకి అలా చెయ్యరు. మావగారికి చేస్తారు, భర్త అన్నగారికి చేస్తారు. ఇప్పటి పిల్లలు చెయ్యరు, నేనూ చెయ్యను. కానీ అరవై ఎనిమిదేళ్ళ మాణిక్యమ్మ చేస్తుంది. ఆవిడ మావగారు ఎప్పుడో పోయారు."

రామ్‌ప్రసాద్ లాప్‌టాప్ మూసేశాడు. "వెంకటరత్నం. బావగారు. మంగళవారం పొద్దుటినుంచి రాత్రి దాకా కోడూరులో చెరువులో రొయ్యల పట్టుబడి దగ్గరే ఉన్నానని ఫోన్లో చెప్పాడు."

"ఫోన్లోనే తీసుకున్నారా స్టేట్‌మెంటు?"



ఇద్దరూ ఒకేసారి దుర్గాశ్రీనివాస్ వైపు తిరిగారు. అతను అప్పటికే నేల మీద చతికిలబడ్డాడు. కెమెరా సంచిని రెండు చేతులతో పొట్టకి అదుముకున్నాడు.

"కార్డు ఇవ్వు," అంది లక్ష్మీకాంతం మెత్తగా. "మన పనిలో ఉన్నవాడెవడూ రా ఫుటేజ్ చెరపడు. బంధువుల పెళ్ళిదైనా రెండేళ్ళు దాస్తాడు. ఇవ్వు బాబూ."

సంచి లోపలి జేబులోంచి మెమరీ కార్డు తీసి ఆవిడ అరచేతిలో పెట్టాడు. కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు.

"మూడుంపావుకి వచ్చాడండి ఆయన. నేను కెమెరా దగ్గరికి జరుపుతున్నాను. నా పక్కనే నిలబడ్డాడు. ఆవిడ లేచి నిలబడింది. కూర్చోండమ్మా అన్నాను, వినలేదు. సరే నిలబడే చెప్పమన్నాను. అయిపోయాక నన్ను బయటికి పొమ్మన్నాడు. బుధవారం పొద్దున ఫోన్ చేసి, నన్ను నువ్వు చూడలేదు, చూశానంటే కొట్టింది నువ్వేనని చెప్తానన్నాడు. భయమేసిందండి. కొంగు ఒక్కసారిగా మారిపోతే ఎవరైనా అడుగుతారని మధ్యలో అక్క ముఖం వేశాను. అక్క మీదకి పోతుందనుకోలేదండి. అమ్మతోడు."

కార్డు లాప్‌టాప్‌లో పెట్టారు. రెండోసారి తీసిన క్లిప్పు పద్దెనిమిది నిమిషాలుంది. చివరి నిమిషానికి జరిపాడు రామ్‌ప్రసాద్.

మాణిక్యమ్మ నిలబడి ఉంది. నేల చూపులు చూస్తూనే, గొంతు మాత్రం వణక్కుండా అంటోంది. "అడిగినవాళ్ళు అడిగారు, అమ్ముకుందామని చూసినవాళ్ళు చూశారు. ఎవ్వరికీ ఇవ్వను. మ్యూజియం వాళ్ళకి రాసిచ్చేస్తాను. అక్కడుంటే నలుగురూ చూస్తారు."

యాభై ఏళ్ళుగా బావగారి ఎదుట నోరెత్తి ఎరగని ఆడది. ఆయన ముఖం చూసి చెప్పలేని మాటని కెమెరా వంకతో ఆయన చెవిన పడేటట్టు చెప్పింది. మొదటిసారి చెప్పినప్పుడు అది ఇంటర్వ్యూ. రెండోసారి చెప్పినప్పుడు అది జవాబు. దానికి ఎంత ధైర్యం కావాలో లక్ష్మీకాంతానికి తెలుసు.

తరవాత కెమెరా పక్కనుంచి ఒక మగ గొంతు వినిపించింది. "అయిందా అమ్మా నీ ఉపన్యాసం? ఒరేయ్, ఆపి బయటికి నడు. మేం మాట్లాడుకోవాలి."

క్లిప్పు అక్కడితో ఆగిపోయింది. మూడూ ముప్పై ఎనిమిది.

రామ్‌ప్రసాద్ టోపీ తీసి బల్ల మీద పెట్టాడు. రెండు నిమిషాల్లో మూడు ఫోన్లు చేశాడు. బ్లెస్సీకి చేసి సునీతని రిమాండుకి అడగడం లేదని తానే చెప్పాడు. కోడూరు ఎస్సైకి చేశాడు. చెరువు దగ్గర వెంకటరత్నం లేడు, పొద్దున్నే కారులో వెళ్ళిపోయాడని కబురొచ్చింది. ఇక మూడోది ఆసుపత్రికి.

"అక్కడ మీ కానిస్టేబుల్ ఉన్నాడా?" అంది లక్ష్మీకాంతం.

"నిన్న సాయంత్రం తీసేశాం. ముద్దాయి మా దగ్గరే ఉందిగా, ఇంక కాపలా ఎందుకని..." ఆయన మాట పూర్తిచెయ్యకుండా ఫోను స్పీకరులో పెట్టాడు.

నర్సు పలికింది. "మాణిక్యమ్మ గారా? డిశ్చార్జ్ అయిపోయారు సార్. ఒంటిగంటకి. విజయవాడ పెద్దాసుపత్రికి తీసుకెళ్తామని వాళ్ళ బావగారు సంతకం పెట్టారు. ఆంబులెన్సులో వెళ్ళారు."

"స్పృహ లేని మనిషిని ఎలా పంపించారు?"

"స్పృహ వచ్చింది సార్. పొద్దున పదింటికే కళ్ళు తెరిచారు. స్టేట్‌మెంటు కోసం మీకు ఫోన్ చెయ్యబోతే, 'సీఐ గారు నాకు తెలుసమ్మా, నేనే చెప్తాను' అన్నారు పెద్దాయన. చెప్పలేదా సార్?"

రామ్‌ప్రసాద్ కాగితం లాక్కున్నాడు. డ్రైవరు నంబరు అడిగి రాసుకున్నాడు. పేరు అంకమ్మరావు. అప్పటికి టైము రెండూ ఇరవై. మొదటిసారి మోగి ఆగిపోయింది. రెండోసారి ఎత్తారు. వెనక లారీల హారన్లు.

"ఎక్కడున్నావు?"

"కూచిపూడి దాటాక రోడ్డు మీదున్నానండి."

"విజయవాడ వెళ్ళేవాడివి కూచిపూడి రోడ్డెందుకెక్కావు?"

"పామర్రు దగ్గర తిప్పమన్నారండి పెద్దాయన. కోడూరులో తెలిసిన డాక్టరున్నాడు, ముందు అక్కడ చూపిద్దామన్నారు. ఇక్కడికొచ్చాక మంచినీళ్ళ సీసా తెమ్మని దింపారండి. కొట్టు దగ్గర చిల్లర తీసుకుంటుంటే బండి స్టార్టయింది. తాళం బండికే ఉందండి. ఆయనే తోలుకుంటూ చల్లపల్లి వైపు వెళ్ళిపోయారు. పావుగంటైంది. మా ఓనరుకి ఏం చెప్పాలో తెలియక ఇక్కడే నిలబడ్డాను."

లక్ష్మీకాంతం ఫోను దగ్గరికి వంగింది. "లోపల ఇంకెవరున్నారు నాయనా?"

"ఎవరూ లేరండి. పేషెంటమ్మ ఒక్కరే."

"ఆవిడ మాట్లాడుతోందా?"



"మాట్లాడారండి. నేను దిగేముందు వెనక తలుపు తీసి ఎలా ఉందమ్మా అని అడిగాను. నా చెయ్యి గట్టిగా పట్టేసుకున్నారు. 'దిగొద్దు బాబూ, నన్నొదిలి దిగొద్దు' అన్నారు. పేషెంట్లు అలాగే భయపడతార్లే అనుకున్నానండి. చెయ్యి విడిపించుకుని దిగిపోయాను."